పాట అయ్యాక అనే మాట

మార్చి 4, మంగళవారం

వాన. సాయంత్రం తమ్ముడు ఆర్లిస్ వచ్చాడు. చిక్కుడు గింజల పులుసు రెండు గిన్నెలు తాగి, మొక్కజొన్న రొట్టె తిని పడుకున్నాడు. ఎన్నాళ్లుంటావని నేను అడగలేదు. వాడు చెప్పలేదు.

గింజలు ఎక్కువ నానబోసి ఉంచాను. ఊరికే పోశాను.

మార్చి 5

తమ్ముడు ముసలివాడయ్యాడు. రేడియోలో వాడి పేరు మోగిన రోజుల్లో వేసుకున్న ముత్యపు గుండీల చొక్కానే ఇప్పుడూ వేసుకున్నాడు. జుట్టుకు వేసిన రంగు సగానికి దిగిపోయింది. గిటారు ట్రక్కులోనే ఉంది, లోపలికి తేలేదు. వచ్చి నా భర్త క్లైడ్ కుర్చీలో కూర్చున్నాడు. ఆయన పోయాక ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

"క్రిస్మస్ నుంచి మందు ముట్టలేదక్కా."

"కాఫీ పోసుకో."

"నమ్మవా?"

"నమ్మకపోతే కాఫీ పోసుకోమంటానా?"

కాసేపు కిటికీలోంచి చూశాడు. "నా బండిని వెర్నన్ చూశాడంటావా?"

"దారి వాడి వరండా ముందునుంచేగా. వాడి కంట పడకుండా ఈ లోయలోకి కోడి కూడా రాదు."

"నేను వెళ్తే కుక్కను వదుల్తాడేమో."

"కుక్క నిరుడే పోయింది. ధైర్యంగా వెళ్లొచ్చు."

నవ్వాడు. వెళ్లలేదు.

నా తమ్ముళ్లిద్దరూ మాట్లాడుకుని పదకొండేళ్లయింది. నాక్స్‌విల్ పట్నంలో పాడి వస్తూ ఆర్లిస్ తాగి బండి నడిపాడు. పక్క సీట్లో వెర్నన్ ఫిడేలు పెట్టె ఒళ్లో పెట్టుకుని నిద్రపోతున్నాడు. వంతెన గోడను గుద్దారు. ఆర్లిస్‌కు కనుబొమ్మ చిట్లింది. వెర్నన్ ఎడమచేతి మూడు వేళ్లు మళ్లీ వంగలేదు. ఈ కొండల్లో మా చిన్నోడంత బాగా ఫిడేలు వాయించినవాడు లేడు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో. నాకు తెలియనిదా.

మార్చి 8, శనివారం

మా చర్చి సంఘం కూడింది. మాది నెలకోసారి, రెండో శనివారం, ఆ మర్నాడు. ఆర్లిస్ రానన్నాడు. రేపు చూస్తానన్నాడు. చొక్కా ఉతికి ఆరేశాను. ఎలాగూ ఉతికేవి ఉన్నాయి.

మార్చి 9, ఆదివారం

ప్రభువా, నేను నవ్వలేదు. అంతవరకు కాపాడావు.

ఆర్లిస్ మగవాళ్ల వైపు ఆఖరి బల్ల మీద కూర్చున్నాడు. వెర్నన్ పాట ఇచ్చాడు. చెయ్యి పోయాక మా సంఘంలో పాట ఇచ్చేది వాడే. వాడు ఒక పాదం గబగబా అంటాడు, మేమందరం దాన్ని సాగదీసి పాడతాం, మళ్లీ వాడు తర్వాతి పాదం అంటాడు. మా దగ్గర వాయిద్యం లేదు. పైగొంతు లేదు, కిందిగొంతు లేదు. అందరిదీ ఒకే దారి. ఆర్లిస్‌కు తెలియనిదా? నాన్న ఒళ్లో కూర్చుని నేర్చుకున్నవాడే.

రెండో పాదంలో వాడి గొంతు పైకి లేచింది. అందంగా ఉంది, అబద్ధం ఆడను. మూడో పాదాన్ని వెర్నన్ ఇంకా ఇవ్వకముందే ఎత్తుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. తలలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. పాట అయింది. అందరూ ఊపిరి పీల్చుకునే ఆ నిశ్శబ్దంలో ఆర్లిస్ తల కొంచెం వంచి, "థాంక్యూ. చాలా చాలా థాంక్యూ" అన్నాడు.

నా పక్కన ఎథెల్ రుమాలు నోట్లో కుక్కుకుంది. వెర్నన్ పుస్తకం మూసి, రెండు చేతులూ దాని మీద పెట్టి నిలబడ్డాడు. మొహం సున్నం గోడలా ఉంది.

బయట మెట్ల దగ్గర వెర్నన్ నాతో అన్నాడు, ఆర్లిస్‌కు వినపడేలాగే. "అక్కా, స్టారు గారు వచ్చేనెల కూడా వస్తే ముందే చెప్పు. తెర కట్టిస్తాం."

ట్రక్కులో ఆర్లిస్ చేతులు స్టీరింగు మీద పెట్టి కదల్లేదు.

"నోట్లోంచి దానంతటదే వచ్చేసిందక్కా. ముప్పై ఏళ్లుగా పాట అవగానే అదే అంటున్నా."

"తెలుసు."

"నవ్వారు."

"ఎథెల్ అన్నిటికీ నవ్వుతుంది. దాని మొగుడి సమాధి దగ్గర కూడా నవ్వింది."

మార్చి 10

పొద్దున్నే ఆర్లిస్ బండి తీసుకుని వెళ్లాడు. టైర్లలో గాలి పెట్టించడానికి అయి ఉంటుంది. మా జిల్లాలో సారా అమ్మరు. పక్క జిల్లా సరిహద్దు దాటగానే అమ్ముతారు. గాలి కూడా అక్కడే బాగా పెడతారని క్లైడ్ అనేవాడు.

రాలేదు.

మార్చి 11

మధ్యాహ్నం వచ్చాడు. విత్తనం బంగాళాదుంపల బస్తా దించాడు. నేను దగ్గరికి వెళ్లి బస్తా పట్టుకున్నాను. బరువుగా ఉంటుందని. వాడి మీద మట్టి వాసన తప్ప ఇంకేం లేదు.

"దుకాణం ముందు బండి ఆపుకుని రాత్రంతా కూర్చున్నానక్కా. దిగలేదు."

"దుంపలు కళ్లు చూసి కొయ్యి. ప్రతి ముక్కకీ ఒక కన్ను ఉండాలి."

రాత్రి ప్రార్థనలో మోకాళ్ల మీద చాలాసేపు ఉన్నాను. ఏమీ అడగలేదు. కృతజ్ఞత చెప్పాను, అంతే.

ఏప్రిల్ 3, గురువారం

బడి వంటగదిలో పని ముగించుకుని తొందరగా వచ్చాను. ఆర్లిస్ గిన్నెలు తుడుస్తుంటే నేను కడుగుతున్నాను.

"అక్కా, నాకు పాట ఇయ్యవా?"

"ఆడవాళ్లం ఇవ్వం."

"చర్చిలో ఇవ్వరు. ఇది గిన్నెల తొట్టి."

ఎవరూ లేరు. ఇచ్చాను. అమ్మకు ఇష్టమైన పాట.

నది లోతు నాకు తెలియదు, నీ చెయ్యి తెలుసు.

వాడు ఎత్తుకున్నాడు. సగంలోనే నన్ను దాటి పోయాడు.

"ముందుకు పోకు."

"పోలేదే."

"పోయావు. వెనక రా. నేను వదిలిన చోట పట్టుకో. ఊపిరి కూడా నాతోనే తీసుకో."

మళ్లీ ఇచ్చాను. మళ్లీ దాటాడు. గిన్నెలన్నీ అయిపోయాయి, కడిగినవే మళ్లీ కడిగాను.

"ఇది వీలయ్యేది కాదక్కా. ఇన్నేళ్లూ జనమే నా వెనక వచ్చారు."

"వాళ్లు రాలేదు. నువ్వు ఈడ్చుకుపోయావు."

తువ్వాలు భుజాన వేసుకుని నా వైపు చూశాడు. నేను మరీ గట్టిగా అన్నానేమో. తర్వాత వాడే నవ్వాడు. "ఈ మాట నా మేనేజర్ పాతికేళ్ల కింద అని ఉంటే బాగుండేది."

"వాడు నీ దగ్గర జీతం తీసుకునేవాడు. నేను తీసుకోను."

ఏప్రిల్ 12, శనివారం

ఈ రోజు ఆర్లిస్ ముందుకు వెళ్లాడు.

పాట జరుగుతుండగానే లేచాడు. నడవలో నడుస్తుంటే బూట్లు చప్పుడు చేశాయి. మా పెద్ద, బ్రదర్ హోబర్ట్ చెయ్యి పట్టుకున్నాడు. ఈ ఇంట్లో చోటు కావాలని, సంఘంలో చేర్చుకోమని అడిగాడు. తాగుడు గురించి, పోగొట్టుకున్న భార్య గురించి చెప్పాడు. కూతురు ఫోను ఎత్తదని చెప్పాడు. మైకు లేకుండా ఎంతసేపు మాట్లాడాలో వాడికి తెలియలేదు. తొందరగా ఆపేశాడు. అదే మంచిదయింది.

హోబర్ట్ సంఘాన్ని అడిగాడు. "అందరి మనసూ ఒకటేనా? ఎవరి మనసులోనైనా రాయి ఉందా?"

మా దగ్గర ఒక్కరికి రాయి ఉన్నా చాలు. సంఘంలోకి తీసుకోం. కోపంతో కాదు. ఏడాదికోసారి ఒకరి పాదాలు ఒకరం కడుక్కునే రోజున, రాయి ఉన్న మనిషి వాడి పాదాలు ఎలా కడుగుతాడు?

వెర్నన్ లేచాడు.

"నాకుంది."

అంతే. కూర్చున్నాడు. హోబర్ట్ ఆర్లిస్ భుజం మీద చెయ్యి వేసి, "సరే తమ్ముడూ. రాయి కదిలేదాకా ఆగుదాం. నువ్వు రావడం మాత్రం మానకు" అన్నాడు.

నాకు వెర్నన్ మీద కోపం లేదు.

ఏప్రిల్ 13

నాకు కోపం లేదు.

ఏప్రిల్ 20

వెర్నన్‌కు ప్రతి ఆదివారం మజ్జిగ పంపుతాను. ఈ వారం పంపలేదు. సీసా ఖాళీ లేదు.

మే 8, గురువారం

సీసా దొరికింది. నేనే తీసుకెళ్లాను.

వెర్నన్ వరండాలో పొయ్యి పుల్లలు చీలుస్తున్నాడు. ఎడమచెయ్యి పుల్లను పట్టుకోలేదు, మణికట్టుతో అదిమి పెడతాడు. ఆ పని చూస్తే ఎవరైనా గొడ్డలి లాక్కుంటారు. నేను లాక్కోను. వాడికి నచ్చదు.

"మజ్జిగ పులిసింది" అన్నాను.

"మూడు వారాల కోపం కదా, పులుస్తుంది."

కూర్చున్నాను. వాడు ఇంకో నాలుగు పుల్లలు చీల్చాడు.

"చేతి గురించి కాదక్కా" అన్నాడు చివరికి. "అందరూ అదే అనుకుంటున్నారు. చెయ్యి దేవుడిచ్చాడు, పోయింది. వాడు కావాలని గుద్దలేదు. నేనూ తాగే బండెక్కాను."

"మరి?"

"బండి గుద్దిన తర్వాతి శనివారం నేను ఆసుపత్రి మంచం మీద ఉన్నా. నర్సు పాపం, నా పేరు చూసి, మీ అన్న పాడుతున్నాడంటూ రేడియో తెచ్చి తలగడ పక్కన పెట్టింది. నేను కట్టిన పాటే అక్కా. నా చోట ఇంకెవడో వాయిస్తున్నాడు. వారం కూడా కాలేదు. బాగానే వాయించాడులే. పాట అయిపోయింది. జనం చప్పట్లు. అప్పుడు వాడు అన్నాడు, 'థాంక్యూ, చాలా చాలా థాంక్యూ.' ఎప్పుడూ అనేలాగే. ఒక్క ముక్క తేడా లేదు. నేను చచ్చానా బతికానా అన్నట్టు కూడా లేదు ఆ గొంతులో."

గొడ్డలి కింద పెట్టాడు.

"మొన్న చర్చిలో మళ్లీ అదే గొంతు. మంచం మీదే ఉన్నాననిపించింది."

నేను వాడి తల మీద చెయ్యి పెట్టాను. చిన్నప్పుడు పెట్టేదాన్ని. ఉంచనిచ్చాడు.

ఇంటికి వచ్చాక ఆర్లిస్, "ఏమన్నాడు?" అని అడిగాడు.

"మజ్జిగ పులిసిందన్నాడు."

ఆ మాట మోయాల్సింది నేను కాదు. వాళ్లలో వాళ్లే ఎత్తుకోవాలి.

మే 10, శనివారం

హోబర్ట్ మళ్లీ అడిగాడు. "ఉంది" అన్నాడు వెర్నన్.

మే 12

పొద్దున ఆర్లిస్‌తో అన్నాను. "వెర్నన్ పొలంలో కలుపు ఎక్కువైంది. ఒంటిచేత్తో లాగలేకపోతున్నాడు."

"నన్ను రానిస్తాడా?"

"కలుపును అడుగు, వెర్నన్ను కాదు. పాడకు. మాట్లాడకు. లాగు."

వెళ్లాడు. మధ్యాహ్నం తిరిగొచ్చాడు.

"ఏమన్నాడు?"

"గట్టు మీదనుంచి చూసి, 'దీనికి చప్పట్లు రావు, స్టారు గారూ' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"పాడొద్దు మాట్లాడొద్దు అన్నావుగా."

మే 13

వెళ్లాడు.

మే 14

వెళ్లాడు. నడుం పట్టేసింది. వేడినీళ్ల సంచి ఇచ్చాను.

జూన్ 3, మంగళవారం

ఆర్లిస్ పొలం నుంచి వచ్చి చేతులు కడుక్కోకుండానే మెట్టు మీద కూర్చున్నాడు. నేను కాఫీ తెచ్చాను. తాగలేదు.

"వెర్నన్ చెప్పాడు" అన్నాడు. "రేడియో సంగతి."

పక్కన కూర్చున్నాను.

"ఆ రోజు పాడుతూ ఏడ్చానక్కా నేను. వాడికి చెప్దామని నోరు తెరిచాను. మళ్లీ ఆగాను. ఏడిస్తే ఎవడికి కావాలి? వాడికి వినపడింది ఆ థాంక్యూ ఒక్కటే కదా."

"అవును."

"వెళ్లి మంచం పక్కన కూర్చోవాల్సింది. వెళ్తే చేతిని చూడాలి. చూడలేక పాడటానికి పోయా. పాడితే ఎప్పుడూ ఏమీ చూడక్కర్లేదు నాకు."

కాఫీ చల్లారిపోయింది. మళ్లీ వేడి చేసి తెచ్చాను.

జూన్ 9, సోమవారం

ఫోను మోగితే నేనే తీశాను. ఒహాయో నుంచి ఎవరో డేల్ అట, పాత రోజుల్లో కచేరీలు పెట్టించినవాడు. తిరునాళ్లలో పాత గాయకులందరినీ ఒక్కచోట నిలబెడుతున్నాడట, రేడియో వాళ్లు కూడా వస్తారట. ఈ శనివారమే. ఒకడు జబ్బుపడ్డాడు, ఆ చోటు ఖాళీ ఉంది.

"ఆర్లిస్‌కు మళ్లీ దొరకదమ్మా ఇలాంటిది. తనను జనం మర్చిపోయారనుకుంటున్నాడు. ఇంకా మర్చిపోలేదని చెప్పండి."

"ఈ శనివారం మా వాడు ఇంకోచోట పాడాలి" అన్నాను.

"ఎక్కడ?"

"ఆఖరి బల్ల మీద."

ఆయనకు అర్థం కాలేదు. వెనకాల ఆర్లిస్ నిలబడి ఉన్నాడని నేను చూడలేదు. వచ్చి ఫోను నా చేతిలోంచి తీసుకున్నాడు. "ఆలోచించి చెప్తా డేల్" అన్నాడు.

మంచిదే. మనిషన్నాక ఆలోచించుకోవాలి.

జూన్ 11

ఆర్లిస్ ముత్యపు గుండీల చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. చర్చికే అయి ఉంటుంది.

జూన్ 13, శుక్రవారం

నేను బడి వంటగది సామాన్లు సర్ది వచ్చేసరికి ట్రక్కు లేదు. గిటారు లేదు. గోడకు చొక్కా లేదు.

గిటారుకు తేమ పడదు. ఎండ తగిలించడానికి తీసుకెళ్లి ఉంటాడు.

ఒహాయోకు ఇప్పుడు బయల్దేరితే రేపటికి చేరతారు.

రెండు కంచాలు పెట్టాను. ఒకటి తీశాను. మళ్లీ పెట్టాను. తండ్రీ, నాకు మాటలు రావడం లేదు. వాణ్ని నేను నీ చేతిలో పెట్టి చాలా కాలమైంది. మళ్లీ మళ్లీ వెనక్కి తీసుకుంటున్నాను, అంతే.

జూన్ 14, శనివారం

ఇది నెమ్మదిగా రాస్తాను.

చర్చికి నేను నడిచే వెళ్లాను. లోయ మొదట్లో, వెర్నన్ ఇంటి ముందు, ఆర్లిస్ ట్రక్కు ఉంది.

చర్చిలో ఆఖరి బల్ల మీద ఆర్లిస్ కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాకు భయం వేసింది. ఎథెల్ నా చెవిలో, "తాగినట్టున్నాడే" అంది. నేను దాని వైపు తిరగలేదు.

వెర్నన్ లేచి పుస్తకం తెరిచాడు. అమ్మ పాట.

నది లోతు నాకు తెలియదు, నీ చెయ్యి తెలుసు.

అందరం అందుకున్నాం. నేను పాడుతూ ఆర్లిస్ గొంతు కోసం విన్నాను. లేదు. ఆ గొంతు నాకు తెలియకపోవడమేమిటి? వాడు ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచీ వింటున్నాను. రెండో పాదంలో వెతికాను. దొరకలేదు. పాడటం మానేశాడేమోనని వెనక్కి తిరిగి చూశాను. నోరు కదులుతోంది. కళ్లు తెరిచి, వెర్నన్ పెదవుల వైపే చూస్తున్నాడు. వెర్నన్ వదిలిన చోట పట్టుకుంటున్నాడు, వెర్నన్ ఊపిరి తీసుకుంటే తీసుకుంటున్నాడు. వాడి గొంతు మా అందరిలో కలిసిపోయింది. ఏది వాడిదో, ఏది ముసలి హోబర్ట్‌దో, ఏది ఎథెల్‌దో తెలియలేదు.

పాట అయింది. నిశ్శబ్దం. ఆర్లిస్ పెదవులు బిగపట్టి కూర్చున్నాడు.

హోబర్ట్ అడిగాడు. "రాయి ఉందా ఎవరికైనా?"

వెర్నన్ నిలబడే ఉన్నాడు. చాలాసేపు పుస్తకం వైపు చూశాడు.

"నిన్నటిదాకా ఉంది" అన్నాడు. "ఇవాళ వెతికాను. కనబడలేదు."

హోబర్ట్ కళ్లు తుడుచుకున్నాడు. ఒక్కొక్కరం వెళ్లి ఆర్లిస్‌కు చెయ్యిచ్చాం. ఎథెల్ అందరికంటే ముందు పరిగెత్తింది.

ఇంటికి వచ్చాక ఆర్లిస్ చెప్పాడు. నిన్న గిటారు తీసుకుని బయల్దేరిన మాట నిజమేనట. ఒహాయో వైపే. వెర్నన్ వరండా ముందుకు వచ్చేసరికి వెర్నన్ దారి మధ్యలో నిలబడి ఉన్నాడు.

"'ఎక్కడికి?' అన్నాడక్కా. ఒహాయోకి అన్నా. 'పాడటానికా?' అన్నాడు. అవునన్నా. 'సరే. ముందు ఇక్కడ పాడు' అన్నాడు."

"ఇక్కడంటే?"

"వాడి వంటింట్లో. 'రేడియోలో పాడిన పాట. నా వైపు చూస్తూ పాడు. నా చెయ్యి చూస్తూ పాడు. పాట అయ్యాక నోరు ముయ్యి' అన్నాడు."

"పాడావా?"

"పాడా. వాడు ఆ చెయ్యి బల్ల మీద పెట్టాడు. చూస్తూ పాడా. మూడుచోట్ల ఆగిపోయా. వాడు ఆగనిచ్చాడు. అయ్యాక నోరు మూసుకున్నా. ఎంతసేపు అలా కూర్చున్నామో. తర్వాత వాడు లేచి కాఫీ పెట్టాడు. డేల్‌కు ఫోను చేసి రానని చెప్పా. రాత్రి అక్కడే కుర్చీలో నిద్రపోయా."

కళ్లు ఎర్రబడింది అందుకన్నమాట. ఎథెల్‌కు చెప్పాలి. వద్దులే.

జూన్ 15, ఆదివారం

వాగులో బాప్తిస్మం. నీళ్లు చల్లగా ఉన్నాయి. ముత్యపు గుండీల చొక్కాతోనే దిగాడు. లేచినప్పుడు జుట్టు రంగు కొంచెం చెవి మీదుగా కారింది. ఎవరూ నవ్వలేదు. ఎథెల్ కూడా.

జూలై 13, ఆదివారం

ఏడాదికోసారి వచ్చే రోజు. రొట్టె, ద్రాక్షరసం అయ్యాక పాదాలు కడుక్కోవడం. ఆడవాళ్లు ఆడవాళ్లకు, మగవాళ్లు మగవాళ్లకు. నా పాదాలు ఎథెల్ కడిగింది. దాని పాదాలు నేను కడిగాను. ఎథెల్ చేతులు మెత్తగా ఉంటాయి, ఇన్నాళ్లూ చూసుకోలేదు.

తల ఎత్తితే అటువైపు వెర్నన్ నడుముకు తువ్వాలు కట్టుకుని, నీళ్ల పళ్లెం పట్టుకుని నడుస్తున్నాడు. ఎవరి ముందు కూర్చుంటాడో అందరికీ తెలుసు. అయినా అందరం చూశాం. ఆర్లిస్ బూట్లు విప్పుతున్నాడు, ముడి పడింది, రావడం లేదు. వెర్నన్ మోకాళ్ల మీద కూర్చుని కుడిచేత్తో ఆ ముడి విప్పాడు. ఒక పాదం నీళ్లలో పెట్టాడు. వంగని వేళ్లున్న ఆ ఎడమచెయ్యి మడమ కిందకు పోనిచ్చి, కుడిచేత్తో నీళ్లు పోశాడు. తుడిచాడు. రెండో పాదం.

చర్చి చిన్నది. మగవాళ్ల వైపు గుసగుసలాడినా ఇటువైపు వినపడుతుంది.

తువ్వాలు మడత పెడుతూ వెర్నన్ తల ఎత్తాడు.

"ఇప్పుడు అనొచ్చు అన్నా" అన్నాడు. "థాంక్యూ."

అన్నా అని పిలిచాడు.

ఆర్లిస్ నోరు తెరిచాడు. గొంతు రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. రాలేదు. వెర్నన్ చెయ్యి పట్టుకుని అలా తల ఊపుతూ ఉండిపోయాడు.

ఆ మాట నేనే అన్నాను, ఇటువైపు నుంచి, నెమ్మదిగా. ఎవరితో అన్నానో పైనున్న ఆయనకు తెలుసు.